పంజరం మీద కప్పిన బట్ట

రాష్ట్రం వచ్చిన తర్వాత రెండో వానాకాలం నాటి డైరీలో ఒక చిన్న వాక్యం ఉంది: "ఈ ఏడు కీచురాళ్లు లేవు." కింద కారణం కూడా రాశాను, పత్తికి కొడుతున్న మందుల వల్ల కావచ్చునని. ఆ వాక్యం తప్పని తెలియడానికి నాకు దాదాపు నాలుగేళ్లు పట్టింది.

నేను ముందు తాలూకాఫీసులో, తర్వాత మండలాఫీసులో లెక్కల పని చేసి రిటైరైన మనిషిని. వర్షపాతం రిజిస్టరు నా చేతిలో ఉండేది. రోజూ పొద్దున ఎనిమిదిన్నరకు ఆఫీసు వెనక ఉన్న గరాటు డబ్బా మూత తీసి, నీళ్లను గాజు గొట్టంలో పోసి కొలిచేవాణ్ని. ఆ రిజిస్టరుకు ఒక నియమం ఉంది. వాన పడకపోతే సున్నా రాయాలి. కొలవకపోతే గీత గీయాలి. సున్నా అంటే చూశాను, లేదు అని. గీత అంటే చూడలేదు అని. కొత్తగా చేరినవాళ్లు ఈ రెండింటినీ కలిపేస్తే రిజిస్టరు వెనక్కి పంపేవాణ్ని. ఇంట్లో డైరీ కూడా అదే పద్ధతిలో రాస్తాను. మొదట టైము, తర్వాత జరిగింది, నా అభిప్రాయం ఏదైనా ఉంటే విడిగా కింద.

రిటైరయ్యాక దేవరకొండకు అవతల ఉన్న మా ఊరికి వచ్చేశాను. ఊరంటే నలభై గడపలు, చుట్టూ ఎర్ర చెలకలు, కంది, ఆముదం, పత్తి. అన్న ఇల్లు, నా ఇల్లు ఒకే గోడకు అటూ ఇటూ ఉంటాయి. నా భార్య అప్పటికే పోయింది కాబట్టి రెండు పూటలా అన్నం వదినె చేతిదే. నేను వచ్చేనాటికే ఊరి పడమటి గుట్టను తవ్వి కంకర మిషన్ పెట్టారు. పొద్దున ఆరింటికి మొదలైతే సాయంత్రం అయిదున్నర దాకా ఆగదు. మొదటి నెల తల పగిలిపోయేది. డైరీలో రోజూ "మిషన్ రొద" అని రాశాను. రెండో ఏటికి ఆ మాట రాయడం ఆగిపోయింది. అలవాటైంది అనుకున్నాను.

ఊళ్లో అందరూ గట్టిగా మాట్లాడటం మొదలుపెట్టారు. అది మాకు తెలియలేదు, వచ్చిపోయే చుట్టాలకు తెలిసింది. వదినె తమ్ముడు ఒకసారి పెళ్లికి వచ్చి, తిన్న విస్తరి ముందు కూర్చుని నాతో అన్నాడు: "మీ ఊర్ల పెండ్లికి మైకు కిరాయి దండుగ బావా. మీరు గుసగుసలాడినా మా ఊరికి వినవడ్తది." అందరం నవ్వుకున్నాం. నవ్వినట్టు కూడా రాసి పెట్టుకున్నాను.

అన్న నాకంటే నాలుగేళ్లు పెద్ద. నేను వచ్చిన మూడో ఏట ఆయనకు పక్షవాతం తగిలింది. చెయ్యి, కాలు ఆరు నెలల్లో కోలుకున్నాయి గానీ మాట మాత్రం పోయింది. మనం చెప్పేది అర్థమవుతుంది, చెప్పాలనుకున్నది ఆయన నాలుక మీదికి రాదు. దాంతో మనుషుల మధ్య కూర్చోవడం తగ్గించి చెలకలోనే ఎక్కువసేపు గడిపేవాడు. ఆయనకు తోడుగా ఉన్నది ఒక కౌజు పిట్ట.

ఆ పిట్టను ఆయన పట్టి తేలేదు. కంది కోస్తుంటే చాలులో గుడ్లు దొరికితే, తెచ్చి ఇంట్లో పొదిగే కోడి కింద పెట్టాడు. నాలుగు పిల్లలైతే ఒకటి బతికింది. అడవి పిట్టను పంజరంలో పెట్టడం చట్టానికి విరుద్ధమని నాకు తెలుసు, ఆయనకు చెప్పాను కూడా. పంజరం తలుపు తీసి పెట్టి చూపించాడు. అది బయటికి వచ్చి, వాకిలంతా తిరిగి, మళ్లీ లోపలికే పోయి కూర్చుంది.

అది పిల్లగా ఉన్నప్పుడే దానికి ఆయన ఒక అలవాటు చేశాడు. ఆముదపాకు కాడను వేలెడంత కోసి, ఒక పక్క గాటు పెట్టి ఊదితే సన్నని ఈల వస్తుంది. కాడ ఎండిపోతే పనికిరాదు కాబట్టి రోజూ కొత్తది కోసుకునేవాడు. చెలక నుంచి బయల్దేరేటప్పుడు ఆ ఈల ఊదేవాడు. పంజరంలోని పిట్ట మెడ నిక్కించి జవాబిచ్చేది. ఇంటికి వచ్చాక ఊదేవాడు కాదు. అప్పుడు పిట్టా మనిషీ ఎదురెదురుగా ఉంటారు కదా, ఈలతో పనేముంది. పిట్ట మరీ గోల చేస్తే పంజరం మీద ఒక పాత దుప్పటి ముక్క కప్పడం ఊళ్లో అందరికీ తెలిసిన పద్ధతే. చీకటైందనుకుని నోరు మూస్తుంది.

పక్షవాతం వచ్చిన ఏడాదికి నా డైరీలో రెండు వాక్యాలు కనబడతాయి. "అన్న ఈల ఊదడం మానేసినట్టున్నాడు." పది రోజుల తర్వాత: "పిట్ట ఊరికే అరుస్తోంది."

ఊరికే అని రాశాను గానీ, అది అరిచే తీరు ఊరికే ఉన్నట్టు ఉండేది కాదు. మధ్యాహ్నం పూట మా గోడ దగ్గర కుర్చీ వేసుకుని చాలాసార్లు చూశాను. గింజలు ఏరుకుంటున్న పిట్ట ఉన్నట్టుండి ఆగిపోతుంది. మెడ సాగదీసి, తల ఒక పక్కకు వంచి, రెప్ప వేయకుండా నిలబడుతుంది. తర్వాత గొంతెత్తి మూడుసార్లు పలుకుతుంది. మళ్లీ ఆగి వింటుంది. ఆ ఆగిన సమయంలో నేనూ విన్నాను. మిషన్ రొద తప్ప ఏమీ లేదు. పిట్టకు మాత్రం ఆ ఖాళీలో ఏదో సరిగ్గా దొరికినట్టు మళ్లీ పలికేది. ఎవరో అడుగుతున్నారు, ఇది చెబుతోంది, అడిగేవాళ్ల గొంతు మాత్రం గాలిలో లేదు. ఎదురింటి ముసలమ్మ పోయినవాళ్లు పిలుస్తుంటారని ఒకరోజు చెప్పి, పంజరానికి నల్లదారం కట్టిపోయింది. నేను అలాంటివి నమ్మేవాణ్ని కాదు. అయినా ఆ తర్వాత కుర్చీని గోడ దగ్గర నుంచి ఇవతలికి జరుపుకున్నాను.

ఆ మరుసటి ఏడు దసరా ముందు వదినె తన చెల్లెలిని చూడటానికి హాలియా పోయింది. సాయంత్రం బస్సుకు వస్తానని చెప్పి, అన్నకు మధ్యాహ్నం అన్నం పెట్టే పని నాకు అప్పజెప్పింది. అన్న రెండింటికల్లా ఇంటికి వచ్చే మనిషి. ఆ రోజు మూడైనా రాలేదు. పిట్ట మాత్రం రెండున్నర నుంచే మొదలుపెట్టింది.

ఆ రోజు నేను జేబులో పెట్టుకున్న చిన్న పుస్తకం ఇప్పటికీ ఉంది. "3.15 చెలక దగ్గర లేడు. సంచి, కొడవలి గట్టు మీద ఉన్నాయి. 3.40 చెరువు వైపు చూశాం, లేడు. 4.10 పిట్ట గోల. బట్ట కప్పించాను."

ఆ నాలుగు మాటల వెనక ఉన్నది చెప్పాలి. వెతుకుతున్నది నేను, పక్కింటి రైతు, కంకర మిషన్ దగ్గర పనిచేసే మా ఊరివాళ్లు ఇద్దరు, అన్న వెంట తిరిగే కుక్క. మాట రాని మనిషి ఎక్కడైనా పడిపోతే కేక వేయలేడు, ఈల మాత్రం ఊదగలడు. కాబట్టి ఈల కోసం చెవులు పెట్టి వినాలి. ఇంత రొదలో ఈ పిట్ట అరుపు కూడా తోడైతే ఎలా వినబడుతుంది? ఇదీ నా ఆలోచన. పద్ధతి ప్రకారం ఆలోచించినందుకు లోపల కొంచెం గర్వం కూడా కలిగింది. దుప్పటి ముక్క కప్పగానే పిట్ట సగం గొంతెత్తి ఆపేసింది.

తర్వాత మిషన్ మేస్త్రీ దగ్గరికి పోయి బతిమాలాం. నలుగుతున్న రాయి మాల్ మధ్యలో ఉండగా ఆపితే మిషన్ పట్టేస్తుందని ముందు ఒప్పుకోలేదు. తనకూ తండ్రి ఉన్నాడు కాబోలు, కాసేపటికి పావుగంట ఆపుతానన్నాడు.

అన్ని ఏళ్లలో పనిరోజు పూట ఆ మిషన్ ఆగడం అదే మొదటిసారి. ఆగగానే ఊరు మీద నుంచి ఏదో పెద్ద మూత ఎత్తినట్టయింది. ఎవరం కదల్లేదు. కుక్క కూడా నిలబడిపోయింది. ఆ నిశ్శబ్దంలో నా చెవుల్లో ఒక సన్నని మోత వినబడింది, అది బయటిది కాదని, నా తలలోనిదేనని నాకు తెలుసు. దాని వెనక ఏమైనా ఉందేమోనని ఊపిరి బిగబట్టాను. గాలి లేదు. పురుగు లేదు. పక్కింటి రైతు తల అడ్డంగా ఊపాడు. మిగతా ఇద్దరూ ఊపారు. నేను పుస్తకంలో రాశాను: "4.40 మిషన్ ఆపారు. విన్నాం. ఏమీ లేదు." ఈ వైపు లేడని తేల్చుకుని అందరం రోడ్డు దాటి తూర్పు చెలకల వైపు పోయాం.

అక్కడా దొరక్క మేం ఇంటికి తిరిగొచ్చేసరికి అయిదున్నర బస్సుకు వదినె దిగింది. రోడ్డు మీదే ఎవరో చెప్పారట, సంచి అక్కడే పడేసి వచ్చింది. అన్న గురించి అడుగుతుందనుకున్నాను. ఆమె అరుగు ముందు ఆగి వేరే మాట అడిగింది.

"పంజరం మీద బట్టెవరు కప్పిండ్రు?"

నేనే కప్పించానన్నాను. దాని గోలలో అన్న ఈల కలిసిపోతుందని కారణం కూడా చెప్పాను.

"ఆయన ఈల నాకు వినవడక ఏడాదాయె తమ్మీ. పిట్ట పలికితెనే నేను చాయ పెడ్త. నాకే చెవుడొచ్చిందనుకున్న, ఎవ్వరితోని చెప్పలే."

వెనక నిలబడ్డ రైతు నేల చూపులు చూశాడు. మిషన్ దగ్గర పనిచేసే ఇద్దరిలో ఒకడు మెల్లగా, తనకు కూడా సెల్ మోత వినబడటం లేదనీ, వణికితేనే తీస్తున్నాననీ అన్నాడు. ఎవరికి వాళ్లం ఒంటరిగా దాచుకున్న సంగతి ఆ అరుగు ముందు బయటపడింది. దాని గురించి ఆలోచించే టైము మాత్రం లేదు.

వదినె బట్ట తీసింది. పిట్ట ఒళ్లు విదిల్చుకుని, ఒక్క నిమిషం మమ్మల్ని చూస్తూ నిలబడింది. తర్వాత తల వంచింది. తర్వాత పలికింది. చెలక వైపు కాదు, చెరువు వైపు కాదు. ఇంటి వెనక వైపు.

ఇంటి వెనక ఏముంది? రెండు వందల అడుగులు వేస్తే కంకర మిషన్ వాళ్లు మొదట్లో తవ్వి వదిలేసిన గుంత ఉంది. చుట్టూ సర్కారు తుమ్మ అల్లుకుని అంచు కనబడదు. చెలకకు పోయే బాట చుట్టు తిరిగి దాని పక్కనుంచే పోతుంది. మధ్యాహ్నం నుంచి మేం ఆ గుంత పక్కనుంచి పోతూ వస్తూ మూడుసార్లు నడిచాం. ప్రతిసారీ ఆగి, అన్నా అని కేకేసి, విన్నాం.

పంజరం వదినె పట్టుకుంది. మేం వెనక నడిచాం. నేను ఏదో అనబోతే మాట్లాడొద్దని చెయ్యి అడ్డం పెట్టింది. నాలుగు అడుగులు, ఆగడం, పిట్ట వినడం, పలకడం. మళ్లీ నాలుగు అడుగులు. అప్పటికి మిషన్ ఆ రోజుకు బందైంది. వెలుగు ఇంకా ఉంది, తుమ్మ ముళ్లు ఒక్కొక్కటి కనబడుతున్నాయి. ఇంత పెద్ద వెలుగులో, ఇంత నిశ్శబ్దంలో, అయిదుగురు మనుషులం ఏమీ వినకుండా ఒక పిట్ట వెంట నడుస్తున్నాం. బాట కొంచెం ముందుకు పోగానే పిట్ట పంజరంలో గిరుక్కున వెనక్కి తిరిగి ఊచలకు రొమ్ము ఆనించింది. దాటిపోయామన్నమాట.

ముళ్లు పక్కకు తీసి అంచు నుంచి తొంగి చూశాను. రెండు నిలువుల లోతులో అన్న గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఒక కాలు చూడలేని విధంగా వంగి ఉంది. పక్కన మట్టితో పాటు జారిపడిన ఆముదపు కొమ్మ ఉంది. అంచు మీద మొలిచిన ఆ చెట్టు నుంచే లేత కాడ కోయబోయాడు.

ఆయన నోట్లో ఆ కాడ ఉంది. కళ్లు మూసుకుని ఊదుతున్నాడు. బుగ్గలు పొంగుతున్నాయి, తగ్గుతున్నాయి. మెడ నరాలు లేస్తున్నాయి. నేను ఆయనకు అంత దగ్గరగా, మిషన్ ఆగిపోయిన ఊళ్లో, అంచున మోకాళ్ల మీద ఉన్నాను. నాకు ఏ శబ్దమూ వినబడలేదు. గాజు వెనక నుంచి మనిషిని చూస్తున్నట్టు ఉంది. ఆయన బుగ్గలు తగ్గినప్పుడల్లా నా వెనక పిట్ట జవాబిచ్చింది.

నేను పక్కకు తిరిగి రైతును చూశాను. ఆయన కళ్లు కూడా అన్న బుగ్గల మీదే ఉన్నాయి.

మంచం దింపి తాళ్లతో పైకి తీశాం. దేవరకొండ నుంచి ఆటో వచ్చింది. అన్నను వెనక పడుకోబెట్టి తల నా ఒళ్లో పెట్టుకున్నాను. ఆయన కాడ వదల్లేదు. నొప్పికి ఆపుకోలేక ఊదుతూనే ఉన్నాడు, ఊదుతున్నాడని బుగ్గలను బట్టి నాకు తెలుస్తోంది. ఊరు దాటాక డ్రైవర్ బండి నెమ్మది చేసి వెనక్కి తిరిగాడు.

"పెద్దాయనను ఆ ఈల జర ఆపమనుండ్రి సారూ. చెవుల సూదులు గుచ్చినట్టున్నది."

నేను, నా పక్కన కూర్చున్న రైతు ఒకరినొకరు చూసుకున్నాం.

అన్న బతికాడు. కాలికి రాడ్డు వేశారు. ఇంకో మూడు గంటలు ఆలస్యమైతే చెప్పలేకపోయేవాళ్లమని డాక్టరు అన్నాడు. మేం వెతికిన మూడు గంటల్లో గంటన్నర నా బట్ట కిందే పోయింది. ఇది నా లెక్క, ఎవరూ నన్ను అనలేదు.

రెండు నెలలకు నల్గొండలో చెవి పరీక్షకు పోయాను. గోడలకు స్పాంజి అంటించిన చిన్న గదిలో కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి, శబ్దం వినబడినప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. కొంతసేపు నొక్కాను. తర్వాత చాలాసేపు ఏమీ రాలేదు. అద్దం అవతల పరీక్ష చేసే అమ్మాయి చెయ్యి మాత్రం కదులుతూనే ఉంది. ఆమె శబ్దం పంపుతోంది, నాకు వినబడటం లేదు. గుంత అంచున ఉన్నట్టే అనిపించింది.

బయటికి వచ్చాక గీత గీసిన కాగితం చూపించింది. లావు శబ్దాల దగ్గర బాగానే ఉన్న గీత సన్న శబ్దాల దగ్గర గుంతలో పడ్డట్టు కిందికి దిగింది. వయసు కొంత, రొద కొంత అంది. నేను పిట్ట సంగతంతా చెప్పి, రొదలో వినడంలో దాని చెవి మన చెవి కంటే అంత గొప్పదా అని అడిగాను. గొప్పది కాదట. రొదలోంచి ఒక శబ్దాన్ని ఏరుకోవడంలో, చెవులు బాగున్న మనిషి చాలా పిట్టల కంటే ఒక మెట్టు పైనే ఉంటాడట. పిట్టకు వినబడే శబ్దాల హద్దు కూడా మనకంటే చిన్నదట, కాకపోతే తన జాతి కూత ఉండే చోట దాని చెవి చురుకు. మిషన్ రొద ఎక్కువ భాగం లావు శబ్దం, ఈల దానికి పైన సన్నగా ఉంటుంది.

"అసలు తేడా వేరే ఉంది సార్," అంది. "చెవి లోపల సన్న వెంట్రుకల్లాంటివి ఉంటయి, వాటితోనే వింటం. రొదకు అవి చచ్చిపోతయి. పిట్టలకు మళ్లీ మొలుస్తయి. మనకు మొలవవు. కుక్కకు, పిల్లికి, ఎలుకకు, పాలిచ్చే ఏ జంతువుకూ మొలవవు."

అంటే అదే రొదలో, అదే వాకిట్లో, అన్నేళ్లు మాతో పాటే ఉన్న పిట్ట చెవి పాడైనా బాగుపడుతూ వచ్చింది. మాదీ, మా కుక్కదీ ఒక్కో వెంట్రుకే రాలిపోతూ వచ్చింది. ఆ రోజు మంచి చెవి ఉన్న మనిషి ఒక్కడు, ఆ ఆటో డ్రైవర్ లాంటివాడు మా వెంట ఉండి ఉంటే, పిట్టతో పనే ఉండేది కాదు. ఊరంతా ఒకే చోట చెవుడు వస్తే, చెవుడని ఎవరికి తెలుస్తుంది? ఎదుటివాడు తల అడ్డంగా ఊపితే అది సాక్ష్యమైపోతుంది.

ఇంటికి వచ్చి పాత డైరీలు తీశాను. కీచురాళ్లు లేవు. కోయిల ఈసారి ఆలస్యం. దోమలు తగ్గాయి, కుడుతున్నాయి గానీ మోత లేదు. అన్న ఈల మానేశాడు. నలభై ఏళ్లు ఇతరుల రిజిస్టర్లు వెనక్కి పంపిన నేను, నా పుస్తకం నిండా గీత గీయవలసిన చోటల్లా సున్నా రాసుకున్నాను. వేటినీ కొట్టేయలేదు. పక్కన గీత మాత్రం గీశాను.

చెవి మిషన్ పెట్టుకున్నాను. కొన్ని శబ్దాలు తిరిగి వచ్చాయి. మొదటి సాయంత్రం గోడ పగుల్లోంచి ఏదో చిటపటమంటుంటే కరెంటు తీగ అనుకుని మెయిన్ కట్టేశాను. కీచురాయి. కొన్ని ఇక రావని ఆ అమ్మాయి ముందే చెప్పింది, పూర్తిగా చచ్చిపోయిన చోట మిషన్ కూడా ఏమీ చేయలేదట.

అన్న ఆ తర్వాత రెండు ఎండాకాలాలు బతికి, నిద్రలో పోయాడు. పిట్ట వదినె దగ్గరే ఉంది. కంకర మిషన్ ఇంకా నడుస్తోంది. గుంత చుట్టూ ముళ్లకంచె వేయించాం.

ఇప్పటికీ కొన్ని సాయంత్రాలు పిట్ట గింజలు వదిలి మెడ నిక్కిస్తుంది. ఇంటి వెనక వైపే తిరుగుతుంది. తల వంచి వింటుంది, పలుకుతుంది, ఆగుతుంది. ఆముదపు చేలల్లో అడవి కౌజులు ఉంటాయి, వాటికి జవాబిస్తూ ఉండవచ్చు. అలా అనుకోవడమే సబబు. వదినె మాత్రం లేచి చాయ పెడుతుంది. పంజరం మీద కప్పడానికి ఆ ఇంట్లో ఇప్పుడు బట్ట లేదు, పొయ్యిలో వేసేసింది.

పిట్ట పలికిన ప్రతిసారీ నేను చెప్పులు వేసుకుని గుంత దాకా పోతాను. కంచె మీంచి లోపలికి చూస్తాను. ఎండిన ఆకులు, మిషన్ దుమ్ము. చెవి మిషన్ పూర్తిగా పెంచి నిలబడతాను. నేను అక్కడ ఉన్నంతసేపూ ఇంటి దగ్గర పిట్ట పలకదు. వెనక్కి తిరిగి నాలుగు అడుగులు వేయగానే మళ్లీ మొదలుపెడుతుంది.

నిన్న కూడా పోయి వచ్చాను. డైరీలో టైము రాశాను, పిట్ట తిరిగిన వైపు రాశాను. నాకు వినబడింది అనే గడిలో గీత గీశాను.